టెన్నిస్ ర్యాంకింగ్: యాభై రెండు వారాల పద్దు

ప్రొఫెషనల్ టెన్నిస్‌లో ర్యాంకు అంటే, గడచిన 52 వారాల్లో ఆడిన టోర్నీల్లో క్రీడాకారులు సంపాదించిన పాయింట్ల మొత్తాన్ని బట్టి ప్రపంచ జాబితాలో దక్కే స్థానం. పురుషుల జాబితాను అసోసియేషన్ ఆఫ్ టెన్నిస్ ప్రొఫెషనల్స్ అనే ఏటీపీ, మహిళల జాబితాను విమెన్స్ టెన్నిస్ అసోసియేషన్ అనే డబ్ల్యూటీఏ విడుదల చేస్తాయి. సింగిల్స్‌కూ డబుల్స్‌కూ వేరువేరు జాబితాలు ఉంటాయి. మామూలుగా సోమవారం సోమవారం కొత్త జాబితా వస్తుంది. గ్రాండ్‌స్లామ్‌లా రెండు వారాలు సాగే టోర్నీ నడుమ వచ్చే సోమవారం మాత్రం రాదు, ఆ టోర్నీ ముగిశాకే వస్తుంది.

క్రికెట్ ర్యాంకులకు అలవాటుపడిన పాఠకులకు ఇక్కడ ఒక తేడా కనిపిస్తుంది. క్రికెట్‌లో జట్టును ఎంపిక చేసేది సెలక్టర్లు. ఆటగాడి ర్యాంకు ఒక గౌరవం మాత్రమే. టెన్నిస్ టోర్నీలకు సెలక్టర్లు లేరు. ఏ స్థాయి టోర్నీలో పేరు ఇవ్వవచ్చు, నేరుగా అసలు పోటీ అయిన మెయిన్ డ్రాలోకి వెళ్లాలా లేక ముందుగా అర్హత పోటీలైన క్వాలిఫయింగ్ ఆడాలా, తొలి రౌండ్లలో ఏ స్థాయి ప్రత్యర్థి ఎదురవుతాడు అన్నవన్నీ ర్యాంకే తేలుస్తుంది. ఆటగాడి రాబడి, ప్రయాణ ఖర్చు, స్పాన్సర్లు అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

పుట్టుక, మార్పులు

1973కు ముందు ప్రపంచ స్థాయిలో లెక్క కట్టి ప్రకటించే ర్యాంకులు లేవు. పేరున్న పాత్రికేయులు ఏడాది చివర తమ అంచనా ప్రకారం తొలి పదిమంది పేర్లు ప్రకటించేవారు. టోర్నీలో ఎవరికి చోటివ్వాలన్నది నిర్వాహకుల ఇష్టం. 1972లో ఏర్పడిన ఏటీపీ ఈ పద్ధతికి స్వస్తి చెప్పాలని కంప్యూటర్ లెక్క తెచ్చింది. 1973 ఆగస్టు 23న వచ్చిన తొలి జాబితాలో రుమేనియాకు చెందిన ఇలీ నస్టాసే మొదటి స్థానంలో నిలిచాడు. మహిళల జాబితా 1975 నవంబరు 3న మొదలైంది. అందులో తొలి నంబర్‌వన్ అమెరికా క్రీడాకారిణి క్రిస్ ఎవర్ట్. పురుషుల డబుల్స్ ర్యాంకులు 1976లో, మహిళల డబుల్స్ ర్యాంకులు 1984లో వచ్చాయి.

మొదట్లో లెక్క సగటు మీద నడిచేది. వచ్చిన పాయింట్లను ఆడిన టోర్నీల సంఖ్యతో భాగించేవారు. తక్కువ ఆడి ఎక్కువ గెలిచినవాడికి ఇది లాభం, ఊరూరా తిరిగి ఆడేవాడికి నష్టం. దీనికి బలైన వారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు అర్జెంటీనా ఆటగాడు గిల్లెర్మో విలాస్‌ది. 1977లో ఫ్రెంచ్ ఓపెన్, అమెరికన్ ఓపెన్‌తో సహా అతను 16 టైటిళ్లు గెలిచాడు. అయినా ఆ ఏడాది చివర జిమ్మీ కానర్స్ వెనక రెండో స్థానంలోనే ఆగిపోయాడు. ఆ రోజుల్లో జాబితాలు వారం వారం రాకపోవడం కూడా అతనికి ప్రతికూలమైంది. నడుమ వారాలను తిరిగి లెక్కగట్టి విలాస్‌కు నంబర్‌వన్ గుర్తింపు ఇవ్వాలని అతని దేశస్థులు ఏళ్ల తరబడి అడిగినా ఏటీపీ ఒప్పుకోలేదు. మహిళల సంఘం ఇలాంటి విషయంలోనే మరోలా నడుచుకుంది. 1976 నాటి కాగితాల్లో కొన్ని ఫలితాలు లెక్కకు రాలేదని 2007లో బయటపడితే, ఆస్ట్రేలియా క్రీడాకారిణి ఎవోన్ గూలగాంగ్ అప్పట్లో రెండు వారాలపాటు నంబర్‌వన్ అని 31 ఏళ్ల తర్వాత ప్రకటించింది.

1990లో ఏటీపీ సగటును వదిలేసి, ఏడాదిలో మేలైన 14 ఫలితాలను కూడే పద్ధతికి మారింది. 1997లో మహిళల సంఘం కూడా సగటు నుంచి కూడికకు వచ్చింది. 2000 నుంచి పురుషుల్లో మేలైన 18 ఫలితాల లెక్క, పెద్ద టోర్నీలు తప్పనిసరిగా లెక్కలోకి వచ్చే ఏర్పాటు మొదలయ్యాయి. 2009లో గ్రాండ్‌స్లామ్ విజేతకు ఇచ్చే పాయింట్లను వెయ్యి నుంచి రెండు వేలకు పెంచారు. అందుకే 2009కి ముందు పాయింట్లను ఇప్పటివాటితో నేరుగా పోల్చకూడదు.

పాత పద్ధతిలో ఇప్పుడు లేనిది ఇంకొకటి ఉండేది. ఎవరిని ఓడించారన్నదాన్ని బట్టి అదనపు పాయింట్లు వచ్చేవి. పురుషుల్లో 1999తో, మహిళల్లో 2005తో ఇవి పోయాయి. 2005లో హైదరాబాదీ సానియా మీర్జా ఎదుగుదల ఈ పద్ధతి చివరి ఏడాదిలోనే జరిగింది. ఆ ఏడాది జనవరిలో వైల్డ్ కార్డుతో, అంటే ర్యాంకుతో పని లేకుండా నిర్వాహకులు ఇచ్చే చోటుతో, ఆస్ట్రేలియన్ ఓపెన్ ఆడి మూడో రౌండు దాకా వెళ్లింది. ఫిబ్రవరిలో సొంత ఊళ్లో హైదరాబాద్ ఓపెన్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయురాలైంది. మార్చిలో దుబాయ్‌లో అప్పటి అమెరికన్ ఓపెన్ విజేత స్వెత్లానా కుజ్నెత్సోవాను ఓడించింది. ఇప్పటి నిబంధనల్లో అలాంటి గెలుపునకు రౌండు దాటినందుకు వచ్చే పాయింట్లే వస్తాయి. ప్రత్యర్థి పేరుకు విలువ లేదు.

పాయింట్లు ఎలా వస్తాయి

టోర్నీ స్థాయి, అందులో చేరిన రౌండు: పాయింట్లను తేల్చేవి ఈ రెండే. మ్యాచ్ ఎంత తేడాతో గెలిచారు, ఎన్ని గంటలు ఆడారు, ప్రత్యర్థి రిటైర్డ్ హర్టా అన్నవి లెక్కలోకి రావు.

2024 నుంచి అమలులో ఉన్న పట్టిక ప్రకారం గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ విజేతకు స్త్రీపురుషులిద్దరికీ 2000, రన్నరప్‌కు 1300 పాయింట్లు. పురుషుల్లో సెమీఫైనల్‌కు 800, క్వార్టర్స్‌కు 400, ప్రిక్వార్టర్స్‌కు 200, మూడో రౌండుకు 100, రెండో రౌండుకు 50 వస్తాయి. మొదటి రౌండులోనే ఓడితే 10. మహిళల్లో సెమీస్‌కు 780, క్వార్టర్స్‌కు 430, ప్రిక్వార్టర్స్‌కు 240. తర్వాతి మెట్టు మాస్టర్స్ 1000 టోర్నీలు. ఆ కింద 500, 250 స్థాయి టోర్నీలు ఉంటాయి. పేరులోని అంకె విజేతకు వచ్చే పాయింట్లను చెబుతుంది కనుక గుర్తుపెట్టుకోవడం తేలిక. ఇంకా కింద పురుషులకు 175 నుంచి 50 పాయింట్ల దాకా ఇచ్చే ఛాలెంజర్ టోర్నీలు, మహిళలకు డబ్ల్యూటీఏ 125 టోర్నీలు ఉన్నాయి. అట్టడుగున అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, అంటే ఐటీఎఫ్, నడిపే చిన్న టోర్నీలు.

ఆడినవన్నీ లెక్కలోకి రావు. పురుషుల సింగిల్స్‌లో 2024 నిబంధన ప్రకారం 19 ఫలితాలను కూడతారు: నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు, తప్పనిసరైన ఎనిమిది మాస్టర్స్ టోర్నీలు, మిగతావాటిలో మేలైన ఏడు. మాస్టర్స్ తొమ్మిది ఉన్నా మాంటెకార్లో తప్పనిసరి కాదు. ఏడాది చివర తొలి ఎనిమిదిమంది ఆడే ఏటీపీ ఫైనల్స్ పాయింట్లు పైన అదనంగా కలుస్తాయి. మహిళల్లో 18 ఫలితాలు. అగ్రశ్రేణి ఆటగాడు తప్పనిసరి టోర్నీకి సరైన కారణం లేకుండా గైర్హాజరైతే ఆ గడిలో సున్నా పడుతుంది. దాన్ని మరో టోర్నీ ఫలితంతో పూడ్చుకునే వీలుండదు. ఇద్దరికి పాయింట్లు సమానమైతే గ్రాండ్‌స్లామ్, మాస్టర్స్ వంటి పెద్ద వేదికల్లో ఎక్కువ సంపాదించినవారు ముందుంటారు. అక్కడా తేలకపోతే తక్కువ టోర్నీలు ఆడినవారిదే పైచేయి.

ఈ 52 వారాల జాబితాకు తోడు ‘రేస్’ అనే మరో జాబితా కూడా నడుస్తుంది. అది జనవరిలో అందరికీ సున్నాతో మొదలై, ఆ క్యాలెండరు ఏడాది పాయింట్లనే కూడుతుంది. ఏడాది చివరి ఫైనల్స్‌కు ఎవరు వెళ్తారో చెప్పడం దాని పని. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పత్రికల్లో కనిపించే రెండు రకాల ‘నంబర్‌వన్’లకు ఇదే కారణం.

జమ, చెల్లు

టెన్నిస్ ర్యాంకింగ్‌లో బయటివారికి అంత తేలిగ్గా అంతుపట్టనిది పాయింట్ల గడువు. సంపాదించిన పాయింటు సరిగ్గా 52 వారాలే ఖాతాలో ఉంటుంది. నిరుడు ఇదే వారంలో జరిగిన టోర్నీ పాయింట్లు ఈ ఏడాది అదే టోర్నీ ముగిసేసరికి చెల్లిపోతాయి, వాటి చోట కొత్తవి జమ అవుతాయి. నిరుడు గెలిచినవాడు ఈసారి గెలిస్తే ఖాతాలో మార్పేమీ ఉండదు. ఫైనల్లో ఓడినా పాయింట్లు తగ్గుతాయి. నిరుడు మొదటి రౌండులో ఓడినవాడు ఈసారి క్వార్టర్స్ దాకా వస్తే చాలు, మెట్లెక్కుతాడు. క్రీడా పేజీల్లో ‘పాయింట్లు నిలబెట్టుకోవాల్సిన ఒత్తిడి’ అని రాసేది దీన్ని గురించే.

దీనికి తెలుగు పాఠకులకు దగ్గరి ఉదాహరణ 2017 జనవరిలో బ్రిస్బేన్‌లో దొరుకుతుంది. సానియా మీర్జా 2015 ఏప్రిల్ 13న, మార్టినా హింగిస్‌తో కలిసి ఛార్ల్‌స్టన్ టైటిల్ గెలిచాక, డబుల్స్ ప్రపంచ నంబర్‌వన్ అయింది. ఆ స్థానంలో భారత మహిళ నిలవడం అదే మొదలు. 2016 జనవరిలో బ్రిస్బేన్ డబుల్స్‌ను హింగిస్‌తోనే గెలిచింది. అప్పటి పట్టిక ప్రకారం ఆ స్థాయి టోర్నీ విజేతకు 470 పాయింట్లు. ఏడాది తిరిగి 2017 జనవరి వచ్చింది. ఈసారి జోడీ అమెరికాకు చెందిన బెథానీ మాటెక్ శాండ్స్. ఇద్దరూ కలిసి ఫైనల్లో రష్యా జోడీ మకరోవా, వెస్నినాలను 6–2, 6–3తో ఓడించి కప్పు అందుకున్నారు. సానియా ఖాతాలో పాత 470 పోయి కొత్త 470 వచ్చాయి. అంటే నిజానికి ఆమెకు ఒక్క పాయింటూ పెరగలేదు. మాటెక్ శాండ్స్‌కు నిరుటి అదే వారంలో అన్ని పాయింట్లు లేవు కనుక ఆమె మొత్తం పెరిగింది. జనవరి 9 సోమవారం జాబితా వచ్చేసరికి నంబర్‌వన్ స్థానం సానియా నుంచి ఆమెతో కలిసి కప్పు ఎత్తిన జోడీ చేతికి వెళ్లింది. 91 వారాలపాటు ఎక్కడా తెగకుండా నిలిచిన స్థానం టైటిల్ గెలిచిన వారంలోనే చేజారింది. ఆ వెంటనే మెల్‌బోర్న్‌లో, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ విజేతగా వచ్చిన 2000 పాయింట్లకు గడువు తీరింది. అక్కడ ఆమె మూడో రౌండు దాటలేకపోయింది.

ఆటగాళ్ల ఆటతో సంబంధం లేకుండా గడువు నియమం దెబ్బతీసిన సందర్భాలూ ఉన్నాయి. 2022లో వింబుల్డన్ నిర్వాహకులు రష్యా, బెలారస్ క్రీడాకారులను రానివ్వలేదు. నిరసనగా ఏటీపీ, డబ్ల్యూటీఏ ఆ టోర్నీకి పాయింట్లు రద్దు చేశాయి. 2021లో గెలిచిన నొవాక్ జొకోవిచ్ 2022లోనూ గెలిచాడు. పాత 2000 చెల్లిపోయాయి, కొత్తవి రాలేదు. వింబుల్డన్ విజేత మూడో స్థానం నుంచి ఏడుకు పడ్డాడు! మహిళల విజేత ఎలెనా రిబాకినా కప్పు గెలిచాక కూడా 23వ ర్యాంకులోనే ఉండిపోయింది. కోవిడ్ కాలంలో మరో రకం చిక్కు వచ్చింది. 2020 మార్చిలో ఆటే ఆగిపోతే జాబితాను ఎక్కడిదక్కడ స్తంభింపజేశారు. ఆగస్టులో తిరిగి మొదలయ్యాక, కొంతకాలం పాత, కొత్త ఫలితాల్లో మేలైనదాన్ని ఉంచుకోనిచ్చారు.

అట్టడుగు మెట్టు

జాబితా పైభాగంలో వేలల్లో ఉన్న పాయింట్లు కింది భాగంలో ఒకటి, రెండుగా ఉంటాయి. అనకాపల్లి జిల్లా పాయకరావుపేట నుంచి ఒక కుర్రవాడు ఈ ఆటలోకి వచ్చాడనుకుందాం. తాండవ వంతెన దాటితే తుని, అక్కడ రైలెక్కితే విశాఖ. మొదట అఖిల భారత టెన్నిస్ సంఘం నిర్వహించే జాతీయ స్థాయి టోర్నీలు, వయసు వారీ ర్యాంకులు, జూనియర్ ఐటీఎఫ్ టోర్నీలు. ఇవేవీ ఏటీపీ పాయింట్లు ఇవ్వవు. మొదటి ఏటీపీ పాయింటు కోసం ఎం15 అనే టోర్నీకి వెళ్లాలి. పేరులోని అంకె మొత్తం ప్రైజ్ మనీ పదిహేను వేల డాలర్లని చెబుతుంది. చెన్నైలోనో బెంగళూరులోనో ఢిల్లీలోనో అలాంటి టోర్నీ పడితే, ర్యాంకు లేనివాడు క్వాలిఫయింగ్ గెలిచి రావాలి, లేదా వైల్డ్ కార్డు దొరకాలి. 32 మంది మెయిన్ డ్రాలో మొదటి మ్యాచ్ గెలిస్తే ఒక పాయింటు. క్వార్టర్స్ చేరితే 2, సెమీస్‌కు 4, ఫైనల్‌కు 8, విజేతకు 15.

మన కుర్రవాడు జూన్‌లో ఒక ఎం15 గెలిచాడు, ఆ తర్వాత దానికి పై మెట్టయిన ఒక ఎం25లో సెమీస్ ఆడి 8, రెండు ఎం15ల్లో క్వార్టర్స్ ఆడి నాలుగు, ఒక చిన్న ఛాలెంజర్‌లో క్వార్టర్స్ ఆడి 8 తెచ్చుకున్నాడనుకుందాం. మొత్తం 35. మరుసటి జూన్ వస్తుంది. అదే వారంలో క్వార్టర్స్‌లో ఓడితే 15 పోయి రెండు వస్తాయి; మొత్తం 22కు పడిపోతుంది. జాబితా ఆ భాగంలో ఒక్కో పాయింటు దగ్గర ఎందరో గుమికూడి ఉంటారు కాబట్టి 13 పాయింట్లు పోవడం అంటే చాలా స్థానాలు జారడమే. పైగా ఐటీఎఫ్ పాయింట్లు టోర్నీ ముగిసిన మరునాటి సోమవారం కాక, ఆ పై సోమవారం జమ అవుతాయి. వరస వారాల్లో ఆడేవాడికి ఈ ఆలస్యం వల్ల తర్వాతి టోర్నీ ఎంట్రీ దొరక్కపోయే ప్రమాదం ఉంది.

ఐదు మ్యాచులు వరసగా గెలిచిన ఎం15 విజేతకు 15 పాయింట్లు వస్తే, గ్రాండ్‌స్లామ్‌లో మొదటి మ్యాచే ఓడినవాడికి 10 వస్తాయి. పై మెట్టు మీద ఉన్నవాడు అక్కడే నిలవడం తేలిక, కింది మెట్టు నుంచి ఎక్కడం కష్టం అన్న విమర్శకు ఈ రెండు అంకెలు చాలు. 2019లో ఐటీఎఫ్ ఈ కింది మెట్టునే తీసేయబోయింది. చిన్న టోర్నీలకు వేరే ర్యాంకింగ్ పెట్టి ఏటీపీ, డబ్ల్యూటీఏ పాయింట్లను బాగా కుదించింది. జాబితాల్లోంచి వందల పేర్లు ఎగిరిపోయాయి. ఆటగాళ్ల నిరసనతో ఆ ఏడాది ఆగస్టులోనే వెనక్కి తగ్గి పాత పద్ధతికి దగ్గరగా తెచ్చింది. మహిళల జాబితాలోకి రావాలంటే కనీసం మూడు టోర్నీల్లో పాయింట్లుండాలి, లేదా మొత్తం పది పాయింట్లుండాలి. పురుషుల్లో ఒక్క పాయింటుతోనే పేరెక్కుతుంది.

ర్యాంకు తెరిచే తలుపులు

గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ డ్రాలో 128 మంది. వారిలో 104 మంది ర్యాంకును బట్టి నేరుగా వస్తారు, 16 మంది క్వాలిఫయింగ్ మూడు రౌండ్లు గెలిచి వస్తారు, ఎనిమిది వైల్డ్ కార్డులు నిర్వాహకుల చేతిలో ఉంటాయి. ఈ 104 మందిని టోర్నీ నాటి ర్యాంకుతో ఎంచరు, ఆరు వారాల ముందటి జాబితా చూసి ఎంచుతారు. ఆ నడుమ ఎంత పెరిగినా ఎంట్రీకి పనికిరాదు. మేటి ఆటగాళ్లు తొలి రౌండ్లలోనే తలపడకుండా డ్రాలో వేరుచేసే సీడింగ్‌కు మాత్రం డ్రాకు ముందు వచ్చిన తాజా జాబితా చూస్తారు. ఆటగాళ్లు వందో ర్యాంకు చుట్టూ అంతగా పెనుగులాడటానికి కారణం ఈ 104 మంది హద్దే. వందలోపు ఉంటే నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో మొదటి రౌండు ప్రైజ్ మనీ ఖాయం. 2024 ఫిబ్రవరిలో సుమిత్ నాగల్ చెన్నై ఛాలెంజర్ గెలిచి వచ్చిన వంద పాయింట్లతో 98వ ర్యాంకుకు చేరినప్పుడు అంత సందడి జరిగింది అందుకే.

వంద దాటి బయట ఉన్నవారి దారి ఎలా ఉంటుందో సాకేత్ మైనేని ప్రయాణంలో కనిపిస్తుంది. కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగి, అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయం తరఫున ఆడిన సాకేత్, 2016 అమెరికన్ ఓపెన్‌కు క్వాలిఫయింగ్ మూడు రౌండ్లు గెలిచి వచ్చాడు. మెయిన్ డ్రా మొదటి రౌండులో చెక్ ఆటగాడు జిరి వెసెలీతో అయిదు సెట్లు పోరాడి ఓడాడు. ఆ రోజుల్లో క్వాలిఫయర్‌కు 25, మొదటి రౌండుకు 10, మొత్తం 35 పాయింట్లు. ఆ సెప్టెంబరు 19న అతను తన అత్యుత్తమ సింగిల్స్ ర్యాంకు 137కు చేరాడు. నేరుగా ఎంట్రీ దొరికే హద్దుకు అది ముప్పై పైచిలుకు స్థానాల దూరం.

సీడింగ్ సంగతి కొంచెం వేరు. 2001 వింబుల్డన్ నుంచి గ్రాండ్‌స్లామ్‌లలో 32 మందిని సీడ్ చేస్తున్నారు. సీడెడ్ ఆటగాళ్లు మూడో రౌండు వరకు ఒకరికొకరు ఎదురుపడరు. 2007 ఆగస్టులో సానియా అమెరికన్ ఓపెన్‌లో సీడింగ్ పొందడం అంటే ఆ భద్రత దొరకడమే. ఆమె మూడో రౌండు దాకా వెళ్లింది కూడా. పచ్చిక మీద ఆడిన చరిత్రను కలిపి సీడింగ్ మార్చే సొంత సూత్రాన్ని వింబుల్డన్ పురుషులకు 2002 నుంచి 2019 దాకా వాడింది. ఇప్పుడు అక్కడా ర్యాంకే ప్రమాణం.

డబుల్స్, దేశం తరఫున ఆట

డబుల్స్‌లో జోడీకి ర్యాంకు ఉండదు. పాయింట్లు విడివిడిగా ఒక్కొక్కరి ఖాతాలో పడతాయి. టోర్నీలో చోటు కోసం ఇద్దరి ర్యాంకులను కూడతారు. జోడీ విడిపోతే పాయింట్లు ఎవరివి వారితో పోతాయి. సానియా, హింగిస్ 2016లో కొంతకాలం నంబర్‌వన్ స్థానాన్ని పంచుకున్నారు. ఆ ఆగస్టులో విడిపోయారు. విడిపోయిన వెంటనే సిన్సినాటి ఫైనల్లో ఇద్దరూ వేరువేరు జోడీలతో ఎదురుపడ్డారు. బార్బొరా స్ట్రిత్సోవాతో ఆడిన సానియా, కోకో వాండవెగేతో ఆడిన హింగిస్‌ను వరస సెట్లలో ఓడించి ఏకైక నంబర్‌వన్ అయింది.

మిక్స్‌డ్ డబుల్స్‌కు ర్యాంకింగ్ పాయింట్లు అసలు లేవు. సానియా గెలిచిన ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లలో మూడు మిక్స్‌డ్‌వే: 2009 ఆస్ట్రేలియన్, 2012 ఫ్రెంచ్ ఓపెన్‌లు మహేశ్ భూపతితో, 2014 అమెరికన్ ఓపెన్ బ్రూనో సోరెస్‌తో. ఆ మూడు కప్పులు ఆమె ర్యాంకుకు ఒక్క పాయింటూ చేర్చలేదు. 2014 ఆసియా క్రీడల్లో సాకేత్‌తో కలిసి గెలిచిన మిక్స్‌డ్ స్వర్ణం కూడా అంతే. డేవిస్ కప్, ఒలింపిక్స్‌లకు ఒకప్పుడు పాయింట్లుండేవి. 2016 నుంచి అవీ లేవు.

ఒలింపిక్స్ పాయింట్లు ఇవ్వకపోయినా ర్యాంకు అడుగుతుంది. డబుల్స్‌లో తొలి పదిమందిలో ఉన్నవాడు నేరుగా అర్హుడు, తన దేశస్థుడైన జోడీని వెంట తీసుకెళ్లవచ్చు. ఈ ఒక్క నిబంధన భారత టెన్నిస్‌లో రెండుసార్లు పెద్ద రగడ రేపింది, రెండుసార్లూ తెలుగువాళ్ల పేర్లు నడుమకు వచ్చాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌కు ముందు లియాండర్ పేస్‌తో ఆడేందుకు భూపతి, రోహన్ బోపన్న ససేమిరా అన్నారు. పేస్ తొలి పదిలో ఉన్నాడు కనుక, డబుల్స్ ర్యాంకులో చాలా కింద ఉన్న సికింద్రాబాద్ ఆటగాడు విష్ణువర్ధన్‌తో లండన్ వెళ్లగలిగాడు. 2016లో బోపన్న పదో ర్యాంకు చేరి, రియో ఒలింపిక్స్‌కు తన జోడీగా సాకేత్ మైనేనిని కోరాడు. జాతీయ సంఘం మాత్రం పేస్‌నే ఎంపిక చేసింది. ర్యాంకు తలుపు తెరిచినా లోపలికి ఎవరు వెళ్లాలన్నది చివరకు సంఘం చేతిలోనే ఉందని ఆ నిర్ణయం తేల్చింది.

గాయాలు, ప్రసవం

ఆడకపోతే 52 వారాల్లో ఖాతా ఖాళీ అవుతుంది. గాయపడినవారిని ఇది మళ్లీ మొదటి మెట్టుకు నెడుతుంది కాబట్టి ఏటీపీలో ‘ప్రొటెక్టెడ్ ర్యాంకింగ్’, డబ్ల్యూటీఏలో ‘స్పెషల్ ర్యాంకింగ్’ అనే రక్షణ ఉంది. కనీసం ఆరు నెలలు ఆటకు దూరమైనవారు తిరిగి వచ్చాక, పరిమిత సంఖ్యలో టోర్నీలకు పాత ర్యాంకుతో పేరు ఇవ్వవచ్చు. ఎంట్రీ దొరుకుతుంది గానీ పాయింట్లు మాత్రం తిరిగి రావు. తల్లులైన క్రీడాకారిణులకు ప్రసవం తర్వాత మూడేళ్ల దాకా గడువుంది. సానియా 2018లో తల్లయి, 2020 జనవరిలో హోబర్ట్‌లో నాడియా కిచెనోక్‌తో కలిసి డబుల్స్ గెలిచి తిరిగొచ్చింది. అంకితా రైనాతో టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లగలిగింది కూడా ఇలా భద్రపరచిన తొమ్మిదో ర్యాంకుతోనే.

ర్యాంకు ఏం చెబుతుంది

ర్యాంకు అత్యుత్తమ ఆటగాడు ఎవరో చెబుతుందా అన్న వాదన ఆగేది కాదు. 2009లో రష్యా క్రీడాకారిణి దినారా సఫీనా నంబర్‌వన్‌గా ఉన్న ఒక దశలో, అంతకుముందు పన్నెండు నెలల్లో జరిగిన నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో మూడు సెరెనా విలియమ్స్ చేతిలో ఉన్నాయి. సఫీనాకు ఒక్కటీ లేదు. చిలీకి చెందిన మార్సెలో రియోస్ 1998లో గ్రాండ్‌స్లామ్ గెలవకుండానే పురుషుల్లో మొదటి స్థానానికి చేరాడు. వీరి మీద వచ్చిన ఎగతాళి న్యాయం కాదు. జాబితా వారం వారం నిలకడగా లోతైన రౌండ్లకు వెళ్లేవారికి విలువ ఇచ్చేలా తయారైంది, వాళ్లు ఆ పనే చేశారు. ప్రత్యర్థి బలాన్ని లెక్కలోకి తీసుకునే చదరంగం తరహా రేటింగులు టెన్నిస్‌కూ వచ్చాయి గానీ, డ్రా మాత్రం ఇప్పటికీ ఈ పాయింట్ల జాబితా చూసే వేస్తారు.

భారత్ నుంచి పురుషుల డబుల్స్‌లో భూపతి, పేస్ 1999లో, బోపన్న తన 43వ ఏట 2024 జనవరిలో నంబర్‌వన్ అయ్యారు. పురుషుల సింగిల్స్‌లో విజయ్ అమృతరాజ్ 1980లో 18వ ర్యాంకుకు, రమేశ్ కృష్ణన్ 1985లో 23వ ర్యాంకుకు చేరారు. మహిళల సింగిల్స్‌లో భారతీయురాలు అందుకున్న అత్యున్నత స్థానం 2007 ఆగస్టు 27న సానియా చేరిన 27.